కొత్త మెషీన్ కొనే ముందు: ఇంటి వడ్రంగి పనిముట్లను దారిలో పెట్టుకునే పద్ధతి

ఇంట్లో చెక్క పని చేసుకునేవాళ్ళు డబ్బు పెట్టాలనుకుంటే ముందు చెక్కకు తగిలే చోట పెట్టాలి. అంటే ఉలి అంచు, రంపం పళ్ళు, బ్లేడు. ఆ తర్వాత కొలతను నిలబెట్టే భాగాలు: మూలమట్టం, టేబుల్, ఫెన్స్ (చెక్కను ఆనించి తోసే అడ్డబద్ద). మోటారు ఎన్ని హార్స్‌పవర్ అన్నది అన్నిటికంటే చివర చూడాల్సిన సంగతి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. కోత సరిగా రాకపోతే మోటారు చాలడం లేదనుకుని పెద్ద మెషీన్ కొంటారు. మొండి బ్లేడు ఆ పెద్ద మెషీన్‌లో కూడా మొండిగానే కోస్తుంది.

నేను చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఫిట్టర్‌ని, ఉండేది ఒంగోలులో. పగలు పాలిషింగ్ లైన్లు, కట్టర్లు చూసుకుంటాను. సాయంత్రాలు, ఆదివారాలు ఇంటి వెనక రేకుల షెడ్డులో టేకు, వేప చెక్కలతో పీటలు, అలమరలు, కిటికీ రెక్కలు చేసుకుంటాను. మెషీన్ ఆగిపోయేదాకా చూడకూడదు, దాని శబ్దం మారిన రోజే విప్పాలి అన్నది ఫ్యాక్టరీలో నాకు అలవాటైన పద్ధతి. ఇంట్లో పనిముట్లకూ అదే వర్తిస్తుంది.

మా వీధిలో ఒక కుర్రాడు టీపాయిలు చేసి అమ్ముతాడు. ఒకరోజు తన సర్క్యులర్ సా తెచ్చి షెడ్డు ముందు పెట్టాడు.

“అన్నా, దీని పని అయిపోయింది. టేకు కోస్తుంటే పొగ వస్తోంది. పెద్దది చూద్దామనుకుంటున్నా.”

“బ్లేడు ఎప్పుడు మార్చావు?”

“కొన్నప్పటి నుంచీ అదే అన్నా.”

ప్లగ్ తీసి, బ్లేడు విప్పి వెలుతుర్లో పెట్టాం. పళ్ళ మధ్య సందుల్లో టేకు జిగురు మాడి గోధుమరంగు పెంకు కట్టింది. ప్రతి పంటి కొసన సన్నటి తెల్లగీత మెరుస్తోంది. మొండి అంచుకు గుర్తు అదే. పదునుగా ఉన్న అంచు మీద వెలుతురు నిలబడదు, కంటికి గీత కనపడదు. మొండిబారిన అంచు గుండ్రబడి వెలుతురును తిప్పికొడుతుంది. బ్లేడును వేడినీళ్ళలో, రెండు గుప్పిళ్ళ బట్టల సోడా వేసి నానబెట్టాం. కాసేపటికి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పెంకు ఊడొచ్చింది. రెండు పళ్ళ కొసలు విరిగి ఉన్నాయి కాబట్టి దాన్ని పక్కన పెట్టి కొత్తది వేయించాను. అదే మెషీన్ అదే టేకును పొగ లేకుండా కోసింది. పెద్ద మెషీన్ కొనే ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

బ్లేడు కడగడానికి ఘాటైన కాస్టిక్ సోడా వాడకండి. చేతులకు ప్రమాదం, పళ్ళకూ మంచిది కాదు. బట్టల సోడా లేకపోతే కిరసనాయిలు చాలు.

ఇక బ్లేడు ఎంపిక. నిలువు పేళ్ళ (చెక్క నారల) వెంట పొడవుగా చీల్చడానికి తక్కువ పళ్ళది కావాలి, 7 అంగుళాల బ్లేడులో 24 పళ్ళ లోపు. అడ్డంగా కోయడానికి, ప్లైవుడ్‌కు 40 నుంచి 60 పళ్ళది. ఒక్క 40 పళ్ళ బ్లేడుతో అన్నీ కోయొచ్చు గానీ మందపాటి తుమ్మను చీల్చేటప్పుడు అది పొట్టును బయటికి తోయలేక వేడెక్కుతుంది. రెండు బ్లేడులు కొనిపెట్టుకుని పనిని బట్టి మార్చుకోవడం మంచిది. బ్లేడు మీద రాసి ఉండే గరిష్ఠ వేగం మెషీన్ వేగం కంటే ఎక్కువ ఉందో లేదో చూసుకోండి. యాంగిల్ గ్రైండర్‌కు పళ్ళున్న చెక్క బ్లేడు మాత్రం ఎప్పుడూ బిగించకండి. అది నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరుగుతుంది, ఆ పనికి తగిన గార్డు దానికి ఉండదు. పన్ను చెక్కలో ఇరుక్కుంటే మెషీన్ చేతిలోంచి ఎగిరి మనిషి మీదికే వస్తుంది. అలా తెగిన చేతులు మా ఆసుపత్రుల్లో చూస్తూనే ఉన్నాం. బంగారం లాంటి పిల్లలు నాలుగొందల రూపాయల బ్లేడుకు వేళ్ళు పోగొట్టుకుంటున్నారు.

పదును

చేతి పనిముట్లకు పదును పెట్టడానికి మా ప్రాంతంలో ఉన్న సదుపాయం ఇంకెక్కడా ఇంత చవగ్గా దొరకదు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ దేశదేశాలకు పోతుంది, కానీ అంచు కోతల్లో మిగిలిన ముక్కలు ఫ్యాక్టరీల వెనక కుప్పలుగా పడి ఉంటాయి. ఒక అడుగు పొడవు, అరడుగు వెడల్పున్న పాలిష్ ముక్క ఒకటి తెచ్చుకోండి. స్టీల్ స్కేలును అంచు మీద నిలబెట్టి, పొడవునా, అడ్డంగా, ఐమూలగా పెట్టి వెనక నుంచి లైటు వేయండి. స్కేలు కింద వెలుతురు కనపడకపోతే ఆ ముక్క మన పనికి సరిపోయేంత సమంగా ఉన్నట్టే. మూలలను సానరాయితో కొద్దిగా కొట్టేయండి, లేకపోతే చేయి కోసుకుంటుంది.

దాని మీద నీళ్ళు చల్లి వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) పరిస్తే కాగితం అతుక్కుని నిలబడుతుంది. 220, 400, 1000, 2000 నంబర్లు చాలు. మీ దగ్గర నూనెరాయి ఉంటే అదీ మంచిదే. అయితే వాడగా వాడగా రాయి నడుమ గుంత పడుతుంది. గుంతరాయి మీద సానపట్టిన ఉలి అంచు వంకరగా తేలుతుంది. అదే గ్రానైట్ మీద 80 నంబరు కాగితం వేసి రాయిని రుద్దితే మళ్ళీ సమమవుతుంది.

ఉలికి ముందు వీపు చూడాలి. ఏటవాలు ఉన్న వైపు కాదు, దాని వెనక చదునుగా ఉండే వైపు. కొత్త ఉలికి కూడా ఆ వైపు మెషీన్ గీతలుంటాయి. కొసన ఒక అంగుళం మేర 400 నుంచి 2000 దాకా రుద్ది అద్దంలా తెచ్చుకోండి. ఈ పని ఒక ఉలికి జీవితంలో ఒక్కసారే. వీపు సమంగా లేని ఉలికి ఏటవాలు వైపు ఎంత సానపట్టినా పదును నిలవదు, ఎందుకంటే అంచు అనేది రెండు తలాలు కలిసే చోటు.

ఏటవాలు కోణానికి కోణమానిని అక్కర్లేదు. ఉలి మందం ఎంతో కొలవండి. ఏటవాలు పొడవు మందానికి రెండింతలుంటే అది 30 డిగ్రీలు. 4 మిల్లీమీటర్ల మందానికి 8 మిల్లీమీటర్లు. 25 డిగ్రీలు కావాలంటే రెండుంబావు కంటే కాస్త ఎక్కువ, అంటే 4 మిల్లీమీటర్ల మందానికి తొమ్మిదిన్నర. మెత్తటి చెక్కకు 25 బాగుంటుంది. టేకు, తుమ్మకు నేను 30 ఉంచుతాను. టేకులో సహజంగానే ఇసుకలాంటి సిలికా ఉంటుంది కాబట్టి సన్నటి అంచు త్వరగా అరుగుతుంది.

ఏటవాలును కాగితం మీద ఆనించి రుద్దుతుంటే కొంతసేపటికి వీపు వైపు అంచు పొడవునా సన్నటి బర్ (వంగిన ఇనప పొర) లేస్తుంది. బొటనవేలిని అంచుకు అడ్డంగా, బయటివైపుకు జరిపితే తగులుతుంది. ఈ మూల నుంచి ఆ మూలకు తెగకుండా తగిలేదాకా నంబరు మార్చకండి. ఎక్కడ తగలలేదో అక్కడ ఇంకా అంచు చేరలేదు. బర్ వచ్చాక తర్వాతి నంబరు, ఆ తర్వాతిది. చివరలో వీపును 2000 మీద రెండుసార్లు తోయండి. పాత తోలు బెల్టు ముక్కను చెక్కకు అతికించి, ఆకుపచ్చ పాలిషింగ్ సబ్బు రాసి, ఉలిని వెనక్కి లాగుతూ పదిసార్లు తిప్పితే మిగిలిన బర్ పోతుంది. ఇక వేప చెక్క కొసను, పేళ్ళకు అడ్డంగా, చేత్తో నొక్కి కోసి చూడండి. పొడిపొడిగా రాలకుండా పొరలా లేచి, కోసిన చోటు నున్నగా మెరిస్తే పదును వచ్చినట్టు.

బెంచ్ గ్రైండర్ విరిగిన అంచును తిరిగి తీర్చడానికే వాడండి, రోజువారీ పదునుకు వద్దు. తప్పనిసరైతే పక్కన నీళ్ళ డబ్బా పెట్టుకుని ప్రతి తాకిడికీ ముంచండి. అంచు దగ్గర నీలిరంగు తేలితే అక్కడ ఉక్కు మెత్తబడింది. ఆ నీలం పోయేదాకా అరగదీయడం తప్ప వేరే మార్గం లేదు.

నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉంది. అవి చేత్తో చెక్కేవి. ఒక గరిటె గుంతలో వేలు పెట్టి చూడండి, ఆ నునుపు మంచి పదును నుంచే వస్తుంది.

తోపడ, రంపం, మూలమట్టం

ఇనప తోపడ, అంటే చిత్రిక, కొత్తదైనా అడుగు సమంగా ఉండదు. బ్లేడును లోపలికి లాగి, కానీ వాడేటప్పుడు ఎంత బిగింపు ఉంటుందో అంత బిగించే, అడుగున పెన్సిల్‌తో అడ్డగీతలు గీయండి. బ్లేడు తీసేసి రుద్దితే బిగింపు లేని ఆకారం సమమవుతుంది, బ్లేడు పెట్టగానే మళ్ళీ వంగుతుంది. గ్రానైట్ మీద 120 నంబరు కాగితం పెట్టి కొన్నిసార్లు ముందుకూ వెనక్కూ లాగండి. గీతలు మిగిలిన చోట పల్లం. అడుగంతా అద్దంలా రానక్కర్లేదు. ముందు కొస, నోటికి (బ్లేడు బయటికి వచ్చే సందుకు) ముందున్న అంచు, వెనక కొస, ఈ మూడూ ఒకే మట్టంలో ఉంటే చాలు. నోటి ముందు అంచు పల్లంగా ఉంటే మాత్రం చెక్క పేళ్ళు చీలుకుంటూ లేస్తాయి.

బ్లేడు మీద స్క్రూతో బిగించే రెండో రేకును అంచుకు అర మిల్లీమీటరు లోపు దూరంలో పెట్టండి. ఆ రేకు కొస బ్లేడుకు ఎక్కడా సందు లేకుండా ఆనాలి. సందుంటే పొరలు దూరి ఇరుక్కుంటాయి. పేళ్ళు ఎదురు తిరిగిన టేకు ముక్కను నున్నగా తీయడంలో సగం గుట్టు ఈ రేకులోనే ఉంది. పని మధ్యలో అడుగున కొవ్వొత్తి ఒకసారి గీస్తే తోపడ చేతికి తేలికవుతుంది. సిలికాన్ స్ప్రే వద్దు. అది చెక్కకు అంటి, తర్వాత వేసే పాలిష్ చుక్కలు చుక్కలుగా విడిపోతుంది.

చేతి రంపానికి ముక్కోణపు ఆకురాయి, పళ్ళను ఒకటి అటు ఒకటి ఇటు వంచే ప్లయర్ ఉంటే చాలు. ముందు పళ్ళ కొసల మీద చదునైన ఆకురాయి నడిపి ఎత్తులు సమం చేయండి, తర్వాత వంపు, చివర పదును. వంపు ఎక్కువైతే కోత వెడల్పై రంపం ఊగుతుంది. తక్కువైతే పచ్చి చెక్కలో ఇరుక్కుంటుంది. గట్టిపరిచిన పళ్ళ రంపాలు, కొసలు నీలంగా కనపడేవి, ఆకురాయికి లొంగవు. వాటికి సానపట్టే ప్రయత్నం వద్దు, మొండిబారితే మార్చేయడమే.

మూలమట్టాన్ని నమ్మే ముందు పరీక్షించండి. తిన్నగా ఉన్న పలక అంచుకు ఆనించి గీత గీయండి. మూలమట్టాన్ని బోర్లా తిప్పి అదే చోట నుంచి ఇంకో గీత. రెండూ ఒకదాని మీద ఒకటి పడాలి. విడిపోతే, పై కొసన కనపడే ఎడం అసలు తప్పుకు రెట్టింపు. తప్పున్న మూలమట్టంతో టేబుల్ సాను (బల్ల మధ్యలోంచి బ్లేడు పైకి లేచే రంపం మెషీన్‌ను) సరిచేస్తే ఆ తప్పు ప్రతి ముక్కలోకీ ఎక్కుతుంది. అందుకే మెషీన్ల కంటే ముందు దీన్ని చూసుకోమంటున్నాను.

ఉప్పుగాలి, తుప్పు

సముద్రం ఒడ్డున ఉన్న కొత్తపట్నం వైపు నుంచి వచ్చే గాలిలో ఉప్పు ఉంటుంది. ఇనుము మీద పడిన ఆ ఉప్పు గాలిలోని తేమను లాక్కుని పట్టుకుంటుంది కాబట్టి మనకు తుప్పు రాయలసీమలో కంటే త్వరగా పడుతుంది. అక్టోబరు, నవంబరు వానల్లో మరీ ఎక్కువ. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటాక, తెలిసినవాళ్ళు పనిముట్లు గోతాల్లో వేసుకుని మా ఇంటికి తెచ్చారు. నీళ్ళు తగలని పెట్టెల్లో ఉన్నవి కూడా ఎర్రబారాయి. నూనె పట్టించి ఉంచినవి మాత్రం బాగున్నాయి.

పైపై తుప్పుకు సన్నటి స్టీల్ ఉన్ని, కిరసనాయిలు. లోతుగా పట్టినదాన్ని వంటింటి వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టండి. పొద్దున తీసి బ్రష్‌తో రుద్ది, వంటసోడా కలిపిన నీళ్ళలో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి వెంటనే నూనె పట్టించాలి. సోడానీళ్ళు దాటవేస్తే మిగిలిన ఆమ్లం రాత్రికి మళ్ళీ తుప్పు తెస్తుంది.

రోజువారీగా కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు వేసిన గుడ్డ ఒకటి మూత డబ్బాలో పెట్టుకోండి. పని అయ్యాక చేతి చెమట తగిలిన ప్రతి ఇనుమునూ దాంతో తుడవాలి. చెమటలోనూ ఉప్పే ఉంది. నువ్వుల నూనె, వేరుశనగ నూనె వద్దు, కొన్నాళ్ళకు జిగురవుతాయి. ఉలులను తోలు తొడుగుల్లో దాచకండి, తోలు తేమ పట్టుకుంటుంది. టేబుల్ సా పోత ఇనుము బల్లకు నెలకోసారి కొవ్వొత్తి మైనం రాసి గుడ్డతో రుద్దితే తుప్పు ఆగుతుంది, చెక్కా సులువుగా జరుగుతుంది.

మెషీన్లకు కరెంటు

మెరుగులు అనగానే నేను మొదట కొనమనేది స్టార్టర్. బోరు మోటారుకు పెట్టే ఆకుపచ్చ, ఎర్ర బటన్ల డాల్ స్టార్టరే. దానిలో వోల్టేజీ పోగానే వదిలేసే కాయిల్ ఉంటుంది. కోస్తుండగా కరెంటు పోయి, మీరు చెక్క సర్దుతుండగా తిరిగొస్తే మామూలు స్విచ్చున్న మెషీన్ దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది. స్టార్టర్ ఉంటే ఆకుపచ్చ బటన్ మళ్ళీ నొక్కితేనే కదులుతుంది. మన రైతులు కరెంటు రాగానే బోరు ఆడాలని ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టుకుంటారు. పొలానికి అది అవసరం, రంపానికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఓవర్‌లోడ్ రిలేను (భారం ఎక్కువైతే మోటారును ఆపే భాగం) మోటారు నేమ్‌ప్లేట్ మీదున్న ఆంపియర్లకు తిప్పిపెట్టండి.

ఎర్తింగ్ తప్పనిసరి, దానికి తోడు 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ. షెడ్డు దూరంగా ఉంటే 1 హెచ్‌పీ మోటారుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించండి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు పొడవునా వోల్టేజీ పడిపోయి మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది. చాలామంది మోటారు పాడైందనుకునేది ఇక్కడే. చుట్టలా చుట్టి ఉన్న వైరును విప్పకుండా వాడితే అది కూడా కాలుతుంది.

మోటారు హమ్మంటూ తిరగకపోతే, చేత్తో పుల్లీని తిప్పితే అందుకుంటే, కెపాసిటర్ పోయినట్టు. పాతదాని మీద రాసిన మైక్రోఫారడ్ విలువ, వోల్టేజీ ఉన్నదే వేయాలి. ప్లగ్ తీశాక కూడా దానిలో చార్జి ఉంటుంది, రెండు కొసలనూ బల్బు పెట్టిన హోల్డర్ ద్వారా కలిపి ఖాళీ చేశాకే ముట్టుకోండి. చేతి డ్రిల్లు, సర్క్యులర్ సా లాంటి వాటిలో కార్బన్ బ్రష్‌లుంటాయి. లోపల నిప్పురవ్వలు పెద్దవై, మెషీన్ ఆగి ఆగి తిరుగుతుంటే తీసి చూడండి. 5, 6 మిల్లీమీటర్లకు అరిగితే రెండూ ఒకేసారి మార్చాలి. మరీ చివరిదాకా వాడితే లోపలి స్ప్రింగు, బ్రష్‌లు రుద్దుకునే రాగి భాగమైన కమ్యుటేటర్‌ను గీకేస్తుంది, అప్పుడు లోపల తిరిగే భాగం మొత్తం, అంటే ఆర్మేచరే మార్చాల్సి వస్తుంది.

టేబుల్ సాను వరసలోకి తేవడం

సొంతంగా కట్టుకున్న బల్లైనా, కొన్నదైనా, ప్లగ్ తీసేశాక చేయాల్సిన మొదటి పరీక్ష ఇది. బ్లేడు పూర్తిగా పైకెత్తి, ఒక పంటికి మార్కర్‌తో చుక్క పెట్టండి. బల్ల గాడిలో సరిపోయే చెక్క ముక్కకు ఒక స్క్రూ బిగించి, స్క్రూ తల ఆ పంటికి తగిలీ తగలనట్టు ముందువైపు సరిచేయండి. బ్లేడును చేత్తో తిప్పి అదే పన్నును వెనకకు తెచ్చి, చెక్క ముక్కను కూడా వెనక్కి జరపండి. అక్కడ సందు పెరిగిందా, ఒత్తుకుందా? ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నటి రేకులు) పెట్టి కొలవండి. 0.1 మిల్లీమీటరు దాకా నేను ఊరుకుంటాను. అంతకు మించితే మోటారు బిగించిన బోల్టులు కొద్దిగా సడలించి, చెక్క సుత్తితో తట్టి సరిచేయాలి. వేరే పన్నుతో కొలవకూడదు, బ్లేడు వంకరంతా కొలతలో కలుస్తుంది.

ఆ తర్వాత ఫెన్స్‌ను ఆ గాడికే సమాంతరంగా పెట్టండి. వెనక కొస ఒక కాగితం మందమంత బయటికి ఉన్నా పర్వాలేదు, లోపలికి మాత్రం ఉండకూడదు. లోపలికి ఉంటే చెక్క బ్లేడు వెనక పళ్ళకు నొక్కుకుని ఎదురు తంతుంది. బ్లేడు వెనక నిలబడే చీలిక రేకు ఎప్పుడూ తీయకండి, మీ మెషీన్‌కు అది లేకపోతే చేయించుకోండి. అది బ్లేడు పలక కంటే మందంగా, కోత వెడల్పు కంటే పల్చగా ఉండాలి. పచ్చి సరుగుడు, యూకలిప్టస్ కోస్తే కోత వెనక నుంచి మూసుకుంటుంది. అప్పుడు ఈ రేకే కాపాడుతుంది.

90 డిగ్రీలు వచ్చాయో లేదో తెలుసుకోవడానికి వెడల్పాటి పలకను కోసి, ఒక ముక్కను బోర్లా తిప్పి రెండు కోత అంచులనూ కలపండి. సందు లేకపోతే సరిగ్గా ఉన్నట్టు. సందుంటే మూలమట్టం లాగే, తప్పుకు రెట్టింపు కనపడుతుంది.

చేతి ఎలక్ట్రిక్ ప్లేనర్‌కు కూడా ఇలాంటిదే ఒక పని ఉంది. ప్లగ్ తీసి, తిన్నటి చెక్క బద్దను వెనక అడుగు మీద ఆనించి డ్రమ్మును చేత్తో తిప్పండి. రెండు బ్లేడులూ బద్దను ఎత్తకుండా, సన్నగా గీకుతూ పోవాలి, రెండు కొసల్లోనూ ఒకేలా. ఒకటి ఎత్తుగా ఉంటే అదొక్కటే కోసి, చెక్క మీద అలలు పడతాయి. రౌటర్‌కు కొల్లెట్ (బిట్‌ను పట్టే బిగింపు) శుభ్రం ముఖ్యం. బిట్‌ను అడుగు దాకా తోసి, 2 మిల్లీమీటర్లు వెనక్కి లాగి బిగించండి.

బేరింగులు, బెల్టు

బెల్టు తీసేసి షాఫ్టును చేత్తో తిప్పండి. పొడవాటి స్క్రూడ్రైవర్ కొసను బేరింగు గూటికి ఆనించి పిడిని చెవికి పెట్టుకుంటే లోపలి గరగర స్పష్టంగా వినపడుతుంది. షాఫ్టును అటూ ఇటూ ఊపితే వదులు తెలుస్తుంది. బేరింగు మీద నంబరు చెక్కి ఉంటుంది. 6203 అయితే లోపలి రంధ్రం 17, బయటి వ్యాసం 40, వెడల్పు 12 మిల్లీమీటర్లు. చెక్క పొడిలో తిరిగేదానికి చివర 2ఆర్‌ఎస్ అని ఉన్న రబ్బరు సీలు రకం అడగండి. రేకు మూతది వేస్తే సన్నటి పొడి లోపలికి పోయి గ్రీజును ముద్ద చేస్తుంది. షాఫ్టుకు ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే సరిపోయే పైపు ముక్క పెట్టి కొట్టాలి. బయటి రింగు మీద కొట్టిన దెబ్బ గోళీల మీద పడి, కొత్త బేరింగు మొదటి రోజే చెడుతుంది. సీలున్నదాన్ని మంట మీద కాల్చకూడదు, పై నుంచి నూనె పోయకూడదు.

బెల్టు బిగింపుకు, రెండు పుల్లీల నడుమ 16 అంగుళాల దూరం ఉంటే మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే పావంగుళం దిగాలి. ఇంకా బిగిస్తే బేరింగులు అరుగుతాయి, వదులైతే జారి కాలిన వాసన వస్తుంది. పుల్లీలు రెండూ ఒకే గీత మీద ఉన్నాయో లేదో స్టీల్ స్కేలు పక్కకు ఆనించి చూడండి.

పుల్లీ మార్చేముందు లెక్క వేసుకోండి. నిమిషానికి 2880 చుట్లు తిరిగే మోటారుకు 4 అంగుళాల పుల్లీ, బ్లేడు షాఫ్టుకు 3 అంగుళాలదైతే 2880ని 4తో గుణించి 3తో భాగిస్తే 3840. బ్లేడు మీదున్న గరిష్ఠ వేగం దీనికంటే పైన ఉండాలి.

త్రీఫేజ్ మోటారు చవగ్గా దొరికితే వదులుకోకండి. సింగిల్ ఫేజ్ కరెంటు తీసుకుని త్రీఫేజ్ ఇచ్చే వీఎఫ్‌డీ ఒకటి పెడితే వేగం తగ్గించుకునే వీలు కూడా వస్తుంది. లేత్‌కు, బెల్ట్ శాండర్‌కు ఇది నాకు చాలా నచ్చిన మార్పు. నేమ్‌ప్లేట్ మీద 230/415 అని ఉంటే మోటారు తీగలను డెల్టా పద్ధతిలో కలపాలి. వీఎఫ్‌డీకీ మోటారుకూ మధ్య స్విచ్చు పెట్టకూడదు, ఆన్, ఆఫ్ రెండూ వీఎఫ్‌డీ నుంచే. కరెంటు తిరిగొచ్చినప్పుడు తనంతట తాను మొదలుకాకుండా సెట్టింగ్ చేసుకోండి. మూత విప్పాలంటే ఆపేశాక దాని మీద రాసినన్ని నిమిషాలు ఆగాలి.

బ్యాటరీ మెషీన్ల మాట: మే నెలలో మన రేకుల షెడ్డు కింద బ్యాటరీలు వదలకండి. సగం చార్జిలో ఇంట్లో, నీడన పెట్టండి.

పొడి

గ్రానైట్ పొడి ఊపిరితిత్తులను ఏం చేస్తుందో మా పనివాళ్ళను చూసినవాడిగా చెక్క పొడిని నేను తేలిగ్గా తీసుకోలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క పొడిని మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల్లో చేర్చింది. కంటికి కనపడే పొట్టు కంటే, శాండింగ్‌లో లేచి ఎండలో మెరిసే సన్నటి దుమ్ము ప్రమాదం. ఎన్95 మాస్క్ ముక్కు మీద వంపు నొక్కి పెట్టుకోండి, చేతి రుమాలు పనికిరాదు.

వాక్యూమ్ క్లీనర్ ఉంటే దాని ముందు ప్లాస్టిక్ సైక్లోన్ (గాలిని సుడి తిప్పి పొట్టును వేరుచేసే గరాటు) ఒకటి, 20 లీటర్ల పెయింటు బకెట్ మూతకు బిగించండి. పొట్టులో ఎక్కువ భాగం బకెట్‌లోనే దిగుతుంది, క్లీనర్ ఫిల్టర్ మూసుకుపోదు, లాగే బలం తగ్గదు. పైపు ఎక్కడైనా అడ్డుపడితే లోపలి లాగుడుకు ఒక్క బకెట్ సొట్టపోతుంది. అందుకని ఒకదానిలో ఒకటి దూర్చి రెండు బకెట్లు వాడండి. మూత చుట్టూ గాలి దూరితే పొట్టు నేరుగా క్లీనర్‌లోకి పోతుంది కాబట్టి అంచుకు తలుపు సందులకు వేసే స్పాంజి టేపు అంటించండి. శాండర్‌కు, టేబుల్ సా అడుగుకు విడివిడి పైపులు వేసి, వాడనిదాని నోరు మూయండి.

మోటార్ల గాలి రంధ్రాలను వారానికోసారి బ్లోయర్‌తో ఊదండి, మెషీన్‌ను బయటికి తెచ్చి, ప్లగ్ తీసేసి. ఫిల్టర్‌ను నెలకోసారి ఆరుబయట, గాలి మీ వీపుకు తగిలేలా నిలబడి, మాస్క్ తీయకుండా దులపండి. నీళ్ళతో కడిగే రకమైతే రెండు రోజులు నీడన ఆరాకే తిరిగి బిగించండి. తడి ఫిల్టర్‌కు పొడి ముద్దగా అంటుకుంటే ఇక అది వదలదు.